స్థలానికి ధర, ఇంటికి సున్నా

హైదరాబాదు శివారు కాలనీల్లో పాత ఇండిపెండెంట్ ఇల్లు చూడ్డానికి వెళితే బ్రోకరు నోట తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: “గజం రేటే చెప్తున్నా సార్, ఇల్లు ఫ్రీ.” వనస్థలిపురంలో ఇదే మాట, హబ్సిగూడలో ఇదే మాట, ఏఎస్ రావు నగర్‌లోనూ ఇదే. మూడు వందల గజాల్లో నలభై ఏళ్ల కిందట కట్టిన రెండంతస్తుల ఇల్లు, టేకు తలుపులు, మొజాయిక్ గచ్చు, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, ఎప్పుడో ఎండిపోయిన బావి. అన్నిటికీ కలిపి బజారు కట్టిన వెల సున్నా. దీన్ని అదృష్టంగా చూసేవాళ్లున్నారు, ఏదో మతలబు ఉందని వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు. ఇంజినీరు ఒకటి చెప్తాడు, వకీలు ఇంకోటి, బ్యాంకు మరోటి. ఇంట్లోవాళ్లు ఈ మూడింటికీ సంబంధం లేని నాలుగోది చెప్తారు. ఆ వాదాలన్నీ ఒక్కచోట పెట్టి చూద్దాం.

ముందుగా నా పక్షం చెప్పేస్తాను. ఇలాంటి ఇంటి విషయంలో అందరూ భయపడేది దాని వయసుకి. నాకు మాత్రం దాని సైజు దగ్గరే ఎక్కువ అనుమానాలు. వయసుని పరీక్ష చేయించవచ్చు. ఎక్కడ చెడిందో తెలుస్తుంది, ఎంత ఖర్చవుతుందో మేస్త్రీ చెప్తాడు, పెట్టగలిగితే పెడతాం, లేకపోతే మానుకుంటాం. పెద్ద ఇల్లు అలా ఒకసారి డబ్బు పెట్టి వదిలించుకునే బాధ్యత కాదు. ఉన్నన్నాళ్లూ మనుషుల్ని, చేతుల్ని, కిరాయిదార్లని అడుగుతూనే ఉంటుంది. జాతీయ నమూనా సర్వే 2018లో తీసిన లెక్కల ప్రకారం పట్టణాల్లో సగటు ఇంటి వైశాల్యం దాదాపు 46 చదరపు మీటర్లు, అంటే 500 చదరపు అడుగులకి కాస్త తక్కువ. మనం మాట్లాడుకుంటున్న ఇళ్లు 2,000 నుంచి 3,000 అడుగులవి. సగటు కుటుంబం ఉండే ఇంటికి నాలుగు నుంచి ఆరు రెట్లు.

ఇంత పెద్ద ఇళ్లు మామూలు జీతగాళ్లు ఎందుకు కట్టుకున్నారో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. హైదరాబాదు తూర్పు, ఉత్తర శివార్లు చాలావరకు ప్రభుత్వరంగ సంస్థల వెంట పెరిగినవి. ఈసీఐఎల్ 1967లో వచ్చింది, ఎన్‌ఎఫ్‌సీ 1971లో. ఏఎస్ రావు నగర్‌కి ఆ పేరు ఈసీఐఎల్ స్థాపకుడు అయ్యగారి సాంబశివరావు మీదుగా వచ్చిందే. ఉద్యోగులు సహకార సంఘాలు పెట్టుకుని పొలాలు కొన్నారు, లేఅవుట్లు వేసుకున్నారు, ఎల్ఐసీ అప్పో పీఎఫ్ అప్పో తీసుకుని ముందు కింద రెండు గదులు లేపారు. తర్వాత వెనక వంటిల్లు, ఇంకొన్నాళ్లకి పైన పోర్షన్. ఆ పై పోర్షన్ ఎప్పుడూ సొంతానికి కట్టింది కాదు. అది రిటైరయ్యాక నెలనెలా వచ్చే రెండో పెన్షన్. మెట్లు బయటి నుంచి పెట్టింది అందుకే. పైన ఒక కుటుంబం, వెనక వసారాలో ఒక బ్యాచిలరు, కింద ఇంటివాళ్లు. మూడు పొయ్యిలు వెలిగిన ఇల్లు అది. ఈరోజు దాన్ని నలుగురున్న ఒక్క కుటుంబం కొనుక్కుని, అంతా మేమే ఉంటాం అనుకోవడంలోనే పేచీ మొదలవుతుంది.

అక్కడికి తర్వాత వద్దాం. ముందు ఇంజినీరు మాట.

పాత ఇల్లు అని ఒకే గాట కట్టెయ్యకూడదు. ఏ దశాబ్దంలో కట్టారన్నది ముఖ్యం. 1982 దాకా సిమెంటు పూర్తిగా ప్రభుత్వ కంట్రోల్లో ఉండేది. ఆ ఏడు కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తేశారు. పర్మిట్ మీద బస్తాలు తెచ్చుకునే రోజుల్లో కట్టినవాళ్లు సిమెంటుని స్లాబుకి దాచుకుని, గోడలు రాతితో, సున్నంతో, కొన్నిచోట్ల మట్టితోనే లేపి పైన పూత పూశారు. ఆ గోడలు పదిహేను, పద్దెనిమిది అంగుళాల మందం. గదులు చిన్నవి కాబట్టి స్లాబు మీద భారం తక్కువ. హైదరాబాదు నేల మొరం, దాని కింద గ్రానైటు. పునాది కదలడం అరుదు. ఎనభైల చివరకి వచ్చేసరికి సిమెంటు చవకైంది, గోడలు తొమ్మిదంగుళాలకి దిగాయి, హాళ్లు పెద్దవయ్యాయి, కాంట్రాక్టరు అనే మనిషి రంగంలోకి దిగాడు. నన్నడిగితే 1995 నాటి కాంట్రాక్టు ఇంటికన్నా 1975 నాటి సొంత మేస్త్రీ ఇంటినే ముందు చూస్తాను. ఇంజినీర్లు అందరూ దీనికి ఒప్పుకోరు.

వాళ్ల అభ్యంతరం కాంక్రీటు మీద. అప్పట్లో చిన్న ఇళ్లకి 1:2:4 పాళ్లలో చేత్తో కలిపి, నీళ్లు కంటి అంచనాతో పోసేవాళ్లు. అది సుమారుగా ఎం15 రకం. ఆర్సీసీకి కనీసం ఎం20 ఉండాలని ఐఎస్ 456 ప్రమాణాన్ని 2000లో మార్చారు. అంటే అంతకు ముందు కట్టిన ఇళ్లలో చాలావాటి స్లాబు ఈనాటి కనీస ప్రమాణానికి కూడా తూగదు. దానికితోడు చువ్వల కింద ఉండాల్సిన కాంక్రీటు మందం అరంగుళం కూడా లేని చోట్లుంటాయి. గాలి, తేమ లోపలికి పాకి ఇనుము తుప్పుపడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. పెచ్చులూడటం అంటే ఇదే. ఇల్లు అమ్మేవాళ్లు రంగులు వేయించే ముందు ఆ పెచ్చుల మీద పుట్టీ పూయిస్తారు.

దీన్ని పట్టుకోవడానికి మొదట పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అనుభవమున్న మేస్త్రీ ఒక కర్ర తీసుకుని గది మూల నుంచి మొదలుపెట్టి సీలింగుని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోతాడు. గట్టి స్లాబు టక్కుటక్కుమంటుంది. లోపల వీడిపోయిన చోట శబ్దం డొల్లగా మారుతుంది, అక్కడ సుద్దతో గుండ్రంగా గీస్తాడు. గది మొత్తం తట్టేసరికి సీలింగు మీద సుద్ద వలయాలు తేలతాయి. అవి ఎక్కడ గుమిగూడాయో చూడాలి. బాత్రూం పక్కన, ఓవర్‌హెడ్ ట్యాంకు కింద, సన్‌షేడ్ల అంచుల్లో ఉంటే నీటి వల్ల వచ్చిన రోగం. అతుకు వేయించుకోవచ్చు. హాలు నట్టనడుమ ఉంటే ఆలోచించాల్సిందే. అప్పుడు రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలకి వెళ్లాలి. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు కొన్ని ఇవి ఫీజుకి చేసిపెడతాయి. రెండు కోట్ల బేరంలో ఆ ఫీజు లెక్కలోకి రాదు. అయినా దానికి బద్ధకించేవాళ్లే ఎక్కువ.

గోడల సంగతి ఇంకొకటుంది. ఈ ఇళ్లలో ఎక్కువ భాగం పిల్లర్ల మీద లేవు, గోడల మీదే ఉన్నాయి. ఓపెన్ కిచెన్ కావాలని మధ్యగోడ కొట్టించేవాళ్లు పై పోర్షన్ బరువు దేని మీద ఉందో ఒకసారి అడగాలి. పైన ఇంకో అంతస్తు వేద్దాం అనే ఆశ కూడా ఇక్కడే ఆగిపోతుంది. పునాది రెండంతస్తులకి తవ్వింది. మూడోది వెయ్యాలంటే కింది నుంచి కొత్త పిల్లర్లు లేపాలి, అప్పుడు పాత ఇల్లు కొన్న ప్రయోజనమే పోతుంది.

పైపులు, వైర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అవి మార్చాల్సినవే. జీఐ పైపులు లోపల తుప్పుతో పూడుకుపోయి ఉంటాయి. ఎర్తింగ్ లేని అల్యూమినియం వైరింగు మీద నాలుగు ఏసీలు నడపలేరు. త్రీఫేజ్ మీటరు, కొత్త బోర్డు, కొత్త డ్రైనేజీ లైను ఖర్చుల్ని ఇంటి ధరలో భాగంగా రాసేసుకుని ముందుకు పోవాలి. చెదలు కూడా అంతే. టేకు చూసి మురిసిపోయే ముందు చౌకట్ల అడుగుభాగాన్ని స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి.

ఇంట్లోపల ఎంత వెతికినా కనపడని లోపం ఒకటి గేటు దగ్గర ఉంటుంది. కట్టిననాడు ఆ ఇల్లు రోడ్డు కన్నా మూడు మెట్లు ఎత్తు. నలభై ఏళ్లలో రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ప్రతిసారీ పాత తారుని గీకకుండా దానిమీదే కొత్తది పరుచుకుంటూ వచ్చారు. చివర్లో సీసీ రోడ్డు ఇంకో అర అడుగు పెంచింది. ఇప్పుడు గేటు తీస్తే లోపలికి ఎక్కడం ఉండదు, దిగడమే. గేటు కింది భాగం కోసి కురచ చేసిన వెల్డింగు గుర్తులు కనిపిస్తాయి. గుమ్మం ముందు ఇటుకలతో కట్టిన చిన్న కట్ట కనిపిస్తే ఇంక అడగక్కర్లేదు, వానాకాలం ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అదే చెప్తుంది. మురుగు లైను కూడా రోడ్డుతోపాటు పైకొచ్చి ఉంటే బాత్రూంలోంచి వెనక్కి తన్నుతుంది. జాకీలతో ఇళ్లు పైకెత్తే కంపెనీలు బయల్దేరింది ఈ బాధలోంచే. రాతిగోడల పాత ఇంటికి ఆ వైద్యం చేయించే ధైర్యం నాకైతే లేదు.

నీటి విషయంలో ఊరి చరిత్ర కూడా కొంత తెలుసుకోవాలి. 2020 అక్టోబరు 13 రాత్రి వానకి సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడి ఇళ్లలో పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. నీళ్లు తేడా చూడలేదు. చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ గీత, బఫర్ జోన్ ఎక్కడిదాకా ఉన్నాయో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక అందరూ అడుగుతున్నారు. అంతకు ముందు బ్రోకర్లకి కూడా ఆ మాట నోరు తిరిగేది కాదు. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తర్వాత అక్కడ పాత ఇల్లు చూసేవాళ్లు గోడల మీద నీటిమరక ఎంత ఎత్తులో ఉందో చూస్తున్నారు. విశాఖది ఇంకో బాధ. ఎంవీపీ కాలనీలాంటి చోట ఉప్పుగాలి ఇనుముని హైదరాబాదులో కన్నా చాలా ముందే తినేస్తుంది. హైదరాబాదులో నలభై ఏళ్ల స్లాబు మధ్యవయస్కుడైతే సముద్రం పక్కన అదే వయసుది ముసలిది. గుంటూరు, విజయవాడ వైపు నల్లరేగడిలో కట్టినవాటికి పగుళ్లు సహజం. గోడ మీద మెట్లు మెట్లుగా పోయే పగులు ఉంటే పునాది ఇంకా కదులుతోందేమో కనుక్కోవాలి. అక్కడ నేల రకం చూడకుండా ఇల్లు చూడటం దండగ.

ఇక వకీలు మాట. నేను చూసినంతలో ఇలాంటి బేరాలు స్లాబు దగ్గర విరగడం తక్కువ, కాగితాల దగ్గర విరగడం ఎక్కువ.

ఎల్బీనగర్, ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి, కూకట్‌పల్లి ఇవన్నీ 2007 ఏప్రిల్ 16న జీహెచ్ఎంసీలో కలిసినవి. 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు ఆరోజు నగరంలో చేరాయి. ఆ మున్సిపాలిటీల కన్నా ముందు అక్కడున్నవి పంచాయతీలే. కాబట్టి డెబ్బైల, ఎనభైల ఇంటి ప్లాను మీద సర్పంచి సంతకం ఉండటం వింత కాదు. చాలా ఇళ్లలో కింది అంతస్తుకి అనుమతి కాగితం ఉంటుంది, పైదానికి ఉండదు. అలాంటప్పుడు 2007 చివర్లో వచ్చిన బీపీఎస్ కిందో, 2015లో వచ్చిన బీఆర్ఎస్ కిందో క్రమబద్ధం చేయించుకున్నారా అని అడగాలి. బీఆర్ఎస్ అంటే ఇక్కడ పార్టీ కాదు, భవనాల పథకం. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది. ఇల్లు అంతకన్నా పాతదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రిజిస్టర్లు తిరగేయించాలి. లింకు డాక్యుమెంట్లలో ఒక్కటి జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద జరిగిన బేరమై ఉన్నా గట్టిగా ఆరా తియ్యాలి. జీపీఏ వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. ఇల్లు నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉందేమో, అర్బన్ సీలింగు మిగులు భూమిలో లేచిన కాలనీయేమో చూసుకోవడం కూడా ఇందులో భాగమే. ఆ సీలింగు చట్టాన్ని రాష్ట్రంలో 2008లో ఎత్తేశారు కానీ దాని తగాదాలు ఇంకా పోలేదు.

వీటన్నిటికన్నా జటిలమైంది వారసుల సంగతి. ఈ ఇళ్లు కట్టినవాళ్లు ఎనభైలు దాటారు, లేదా లేరు. వీలునామా రాయకుండా ఇంటాయన పోతే, హిందూ కుటుంబమైతే, 1956 చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ, బతికుంటే ఆయన తల్లికీ సమాన వాటా. కూతురికి పెళ్లైందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. “కట్నం ఇచ్చి పంపాం, చెల్లెలి సంతకం ఎందుకు” అనే అన్న ఇప్పటికీ కనిపిస్తాడు. ఆయనకి బయానా ఇచ్చినవాడు కోర్టు మెట్లెక్కుతాడు. పిత్రార్జితమైతే లెక్క మరోలా ఉంటుంది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి 1985 సెప్టెంబరు 5 నుంచే ఎన్టీఆర్ ప్రభుత్వం సవరణతో హక్కిచ్చింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది. ఇల్లు పెద్దదైతే వాటాదార్లు కూడా ఎక్కువే ఉంటారు. నలుగురు తోబుట్టువుల్లో ఇద్దరు డాలస్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో ఉంటే కాన్సులేట్ సంతకాల పవరాఫ్ అటార్నీలు రావాలి, అవి ఇక్కడికొచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించుకోవాలి. ఒకాయన మనసు మార్చుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని, సంతకాలు పెట్టాల్సినవాళ్లంతా ఒప్పుకున్నట్టు రాతలో చూపించేదాకా నేనైతే ఇంటి లోపలికి కూడా వెళ్లను. ముందు ఇల్లు చూసి మనసు పారేసుకుంటే తర్వాత కాగితాలు ఎలా ఉన్నా బాగానే కనిపిస్తాయి.

డబ్బు లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. 300 గజాలు, గజం 80,000 అనుకుంటే 2 కోట్ల 40 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే పూర్తి ధర మీద 18 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం ఇంచుమించు అంతే. 75 లక్షలు దాటిన గృహరుణానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి ఇంటి విలువలో 75 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చుని ఆ విలువలో కలపరు. కాబట్టి బ్యాంకు గరిష్ఠంగా కోటీ 80 లక్షలిస్తే మీ చేతి నుంచి 60, దానిపైన 18, దానిపైన మరమ్మతులు. అదీ బ్యాంకు అంతా ఇస్తేనే. బ్యాంకు పంపిన వాల్యుయరు భవనానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుందో రాస్తాడు. అది మీ ఈఎంఐల కాలం కన్నా తక్కువైతే అప్పు తగ్గుతుంది, లేదా గడువు కుదిస్తారు. ఇల్లు ఫ్రీ అన్న బ్రోకరు మాటకీ, ఇంటికి విలువ లేదన్న వాల్యుయరు రిపోర్టుకీ పెద్ద తేడా లేదు. ఒకటి తీపిగా చెప్పింది, ఇంకోటి సీలు వేసి చెప్పింది.

ఊరట కూడా ఉంది. కడుతున్న ఫ్లాటు కొంటే 5 శాతం జీఎస్టీ ఉంటుంది, పాత ఇంటికి అది లేదు. 50 లక్షలు, ఆ పైన ధర ఉంటే కొనేవాడు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి. నలుగురు వారసులకి విడివిడిగా చెక్కులిచ్చి తప్పించుకుందామంటే కుదరదు, 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరనే చూస్తున్నారు. అమ్మేవాళ్లలో ఎన్‌ఆర్‌ఐ ఉంటే ఆయన వాటాకి ఈ 1 శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ కోత పడుతుంది. ఆడిటర్ని అడగకుండా ఆ చెక్కు రాయొద్దు. అద్దె సంగతికొస్తే, రెండు పోర్షన్లూ 25,000 చొప్పున ఇస్తే ఏడాదికి 6 లక్షలు. 2 కోట్ల 40 లక్షల మీద అది రెండున్నర శాతం. బ్యాంకు ఎఫ్‌డీ అంతకన్నా నయం. అంటే ఇల్లు అద్దెతో ఈఎంఐని మోస్తుందనేది వట్టి కబుర్లు. స్థలం ధర పెరుగుతుందనే నమ్మకం మీదే ఈ బేరం నిలబడి ఉంది. మెట్రో వచ్చిన హబ్సిగూడ, తార్నాక దారిలో ఆ నమ్మకం బాగానే ఫలించింది. అన్ని కాలనీలకీ మెట్రో రాదు.

ఫ్లాటుతో పోలిస్తే పాత ఇంటి పక్షాన బలమైన వాదం స్థలమే. సాధారణ అపార్టుమెంటులో రెండు పడకగదుల ఫ్లాటుకి విభజించని వాటాగా వచ్చేది 40, 50 గజాలు. అది కాగితం మీదే తప్ప కంటికి కనిపించదు. ఇక్కడ 300 గజాలూ మీవే, పైనున్న ఆకాశంతో సహా. మేడ మీద సోలార్ పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రాయితీ ఉంది. మామిడిచెట్టు నీడ, పదకొండు అడుగుల ఎత్తు కప్పు, మందపు గోడలు మే నెలలో చేసే మేలు కింది పోర్షన్లో ఉన్నవాళ్లకి తెలుసు. పై పోర్షన్ సంగతి అడక్కండి, అక్కడ స్లాబు సాయంత్రం ఏడింటిదాకా సెగలు కక్కుతుంది. చల్లదనాన్నిచ్చే తెల్లపూత వేయించక తప్పదు.

వాస్తు ఒకటుంది. దక్షిణం ఫేసింగనీ, ఈశాన్యంలో సెప్టిక్ ట్యాంకుందనీ, వీధిపోటనీ మంచి ఇళ్లు నెలల తరబడి అమ్ముడుపోకుండా ఉంటాయి. నమ్మకం లేనివాళ్లకి అది బేరమాడే అవకాశం. రేపు అమ్మేటప్పుడు అదే తగ్గింపు తాము కూడా ఇవ్వాలని గుర్తుంచుకుంటే చాలు. నమ్మకం ఉన్నవాళ్లు కొని మార్పిద్దామనుకోవద్దు. గోడల మీద నిలబడ్డ ఇంట్లో గుమ్మం జరపడం తేలిక పని కాదు.

ఇప్పుడు సైజు గురించి. రిటైరైన దంపతులున్న ఏ పాత పెద్ద ఇంటికైనా వెళ్లి చూడండి. వాళ్లు నిజంగా వాడుకునేది ముందు వరండా, హాల్లో టీవీ ఉన్న మూల, వంటిల్లు, ఒక్క పడకగది. మిగతావి మూసి ఉంటాయి. తలుపు తీస్తే పాత కూలరు, అబ్బాయి అమెరికా నుంచి తెచ్చి వదిలేసిన పెద్ద సూట్‌కేసులు, ఎంసెట్ పుస్తకాల అట్టపెట్టెలు, తడి వాసన. వాడని గది ఊరికే ఉండదు, చెడిపోతూ ఉంటుంది. కిటికీలు తెరవకపోతే చెమ్మ పడుతుంది, చెమ్మ పడితే చెదలొస్తాయి. ఆకులూడ్చి మేడ మీద నీటి గొట్టం మూత తీయకపోతే మొదటి వానకే నీళ్లు నిలుస్తాయి. ఆ మేడ ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవు. పనిమనిషి రెండు గదులకైతే వస్తుంది, ఏడు గదులకి రాదు. వస్తే మీరు ఇచ్చుకోలేరు.

నలభైల్లో ఉన్న దంపతులు కొనేటప్పుడు దీన్ని తమకి సంబంధం లేని కథ అనుకుంటారు. పిల్లలకి చెరో గది, అమ్మానాన్నలకి కింద గది, ఒకటి ఆఫీసు పనికి, ఒకటి చుట్టాలకి. లెక్క సరిపోయినట్టే ఉంటుంది. ఇరవయ్యేళ్ల అప్పు తీరేనాటికి పిల్లలు ఆ ఊళ్లో ఉండరు, అమ్మానాన్నలూ ఉండరు. ఇల్లు మాత్రం అంతే ఉంటుంది. ఎన్ని గదులు కావాలని అడిగితే ఇవాళ్టి లెక్క చెప్తారు. ఏయే గదులు తాళం వేసుకోవచ్చు, ఏ భాగాన్ని విడిగా అద్దెకివ్వచ్చు అని అడగడం మేలు. బయటి మెట్లు, పైన విడి మీటరు, విడి నీళ్ల లైను, వెనక పోర్షన్‌కి పక్క సందులోంచి దారి ఉంటే పెద్ద ఇల్లు చిన్నది కాగలదు. ఎవరైనా మధ్యలో మెట్లు పెట్టి రెండంతస్తుల్నీ డ్యూప్లెక్స్‌గా మార్చేసి ఉంటే, ఎంత అందంగా ఉన్నా, నేను ధర తగ్గించమంటాను. పాతకాలం వాళ్లు అద్దెకోసం కట్టిన ఇంటి తెలివి ఆ మార్పుతో పోయింది.

చుట్టుపక్కల మారిన తీరు కూడా సైజుతో ముడిపడిందే. అటూ ఇటూ ఇళ్లు కొట్టేసి స్టిల్ట్ పైన అయిదంతస్తులు లేపితే మీ పెరడు పాతిక వంటింటి కిటికీలకి వేడుక. ఎండ పదకొండింటికి వచ్చి రెండింటికే పోతుంది. వాళ్ల బోరు మీ బోరు కన్నా లోతు. వీధి మొదట్లో హాస్టలు, ప్లేస్కూలు, ఇంకో రెండేళ్లకి డయాగ్నస్టిక్ సెంటరు. పెద్ద స్థలంలో ఒంటరిగా మిగిలిన ఇంటికి రోజూ ఎవరో ఒక బిల్డరు ఫోను చేస్తూనే ఉంటాడు. ఇంటివాళ్లలో చాలామంది చివరకి డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తారు. స్థలం మీది, కట్టుబడి వాళ్లది, ఫ్లాట్లు సగం సగం లేదా కాలనీని బట్టి ఇంకో పాళ్లు. భవన నిర్మాణ నియమాల జీవో 168 కింద రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎన్ని అంతస్తులొస్తాయో తేలుతుంది. ముప్పై అడుగుల రోడ్డు లేకపోతే ఈ దారి అంత సుగమం కాదు. కాబట్టి ఉండటానికే కొంటున్నాం అనేవాళ్లు కూడా టేపు పెట్టి రోడ్డు కొలుచుకోవాలి. మీ తర్వాత ఆ ఇంటిని కొనేది బహుశా బిల్డరే, ఆయనకి మొజాయిక్ గచ్చుతో పని లేదు.

ఇల్లు వదలకుండా దాని విలువ తినే మార్గం ఒకటి కాగితం మీద ఉంది. 2007 బడ్జెట్లో ప్రకటించిన రివర్స్ మార్ట్‌గేజ్‌లో అరవై దాటినవాళ్లకి ఇంటి మీద బ్యాంకే నెలనెలా ఇస్తుంది, వాళ్ల తదనంతరం అప్పు తీర్చుకుంటుంది. మనవాళ్లు దాని జోలికి పోలేదు. పిల్లలకివ్వాల్సిన ఇంటిని బ్యాంకుకి రాయడమేంటన్న పట్టుదల ఒకటి, అడిగితే బ్రాంచిలో సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోవడం ఒకటి. ఆ పిల్లలకి ఆ ఇల్లు అక్కర్లేదని వాళ్లు డాలస్ నుంచి ఎన్నిసార్లు చెప్పినా పట్టుదల సడలదు.

మొత్తమ్మీద ఎవరికి నప్పుతుంది? ఒకే వీధిలో అన్నదమ్ముల్లాగా కాకుండా ఒకే ఇంట్లో రెండు వంటిళ్లతో ఉండగలిగిన రెండు కుటుంబాలకి బాగా నప్పుతుంది. అక్కాచెల్లెళ్లు, వియ్యంకులు, స్నేహితులు ఎవరైనా సరే. కిరాయిదార్లతో మాట్లాడి, మోటారు ఎవరు వెయ్యాలన్న తగువులు తీర్చే ఓపిక ఉన్నవాళ్లకి నప్పుతుంది. ఇంట్లోనే క్లినిక్కో ట్యూషనో పెట్టుకునేవాళ్లకి, కాలనీ నియమాలు ఒప్పుకుంటే, ఇంకా బాగుంటుంది. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే వెళ్లి రాత్రికొచ్చే ఉద్యోగాల్లో ఉంటే, ఒక్క బిడ్డ ఉంటే, గజాల మీద ఆశతో కొనకండి. స్థలమే కావాలంటే ఖాళీ ప్లాటు చూసుకోవచ్చు. అది పెచ్చులూడదు.

పై పోర్షన్లో పాత కిరాయిదారు ఉంటే మాత్రం బయానా ఇవ్వక ముందే వెళ్లి కలవండి. ఎన్నేళ్లుగా ఉంటున్నారో, అడ్వాన్సు ఎంతిచ్చారో, ఎప్పటికి ఖాళీ చేస్తారో రాయించుకోండి. ఏ మూల కారుతుందో, ఎండాకాలం నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో, ఇంటివాళ్ల పిల్లల్లో ఎవరికెవరికి పడదో ఆయనకి తెలిసినంతగా ఇంజినీరుకీ వకీలుకీ తెలియదు.